టిప్ మార్చబోతే ఫెర్రూల్ పగిలింది: బాధ్యత ఎంతవరకు, మజూరీ ఎంత?

తోలుచెక్కు (ప్రశ్న)

అందరికీ నమస్కారం. పూల్ క్యూల (బల్ల మీద బంతులను కొట్టే కర్రల) మరమ్మతు నాకు వృత్తి కాదు. రెండేళ్ల క్రితం ఒక చిన్న లేత్ (వస్తువును తిప్పుతూ చెక్కే యంత్రం) కొనుక్కొని మొదట నా సొంత క్యూలకు టిప్పులు (కొసన బంతికి తగిలే తోలు బిళ్లలు) మార్చుకున్నాను. ఆ తరువాత తోటి ఆటగాళ్లు అడగడం, నేను కాదనలేకపోవడం వల్ల ఇది ఒక ఉపవృత్తిగా మారింది. ఇంతకాలం ఎవరితోనూ పేచీ రాలేదు. ఇప్పుడు వచ్చింది, అందులో తప్పు ఎంతవరకు నాదో నాకే తెలియడం లేదు.

పరిచయస్తుడైన ఒక ఆటగాడు తన క్యూకు పాత టిప్ తీసి, మధ్యరకం గట్టిదనం ఉన్న పొరల టిప్ వేయమని ఇచ్చారు. పాత టిప్‌ను లేత్ మీద కోసేశాను. కొత్త టిప్ సరిగా అతుక్కోవాలంటే ఫెర్రూల్ (టిప్ కింద కర్ర కొసను చుట్టి ఉండే గట్టి తొడుగు) ముఖం చదునుగా ఉండాలి కనుక దాని మీద బ్లేడును ఒక్కసారి పలుచగా నడిపాను. అది మూత ఉన్న రకం ఫెర్రూల్, అంటే లోపల దూరి ఉండే సన్నని కర్ర మొన, టెనన్, పైకి కనబడకుండా చివర మూసి ఉండే రకం. నా బ్లేడు తగలగానే ఆ మూత మధ్యలో చిల్లు పడింది, అక్కడి నుంచి వెంట్రుకంత పగులు పక్కకు దిగింది. నేను తీసిన మందం పదో వంతు మిల్లీమీటరుకు మించదు. నాకంటే ముందు ఎవరెవరో ఎన్నిసార్లు చదును చేస్తే ఆ మూత అంతగా పలుచబడిందో చెప్పలేను, కానీ పగిలింది మాత్రం నా చేతిలోనే.

క్యూ యజమానికి వెంటనే ఫోన్ చేసి జరిగింది దాచకుండా చెప్పాను. నా దగ్గరున్న మెలమైన్ అనే గట్టి ప్లాస్టిక్ కడ్డీతో కొత్త ఫెర్రూల్ తయారు చేసి, మజూరీ ఏమీ తీసుకోకుండా బిగించి, ఆయన కోరిన టిప్ వేసి ఇచ్చాను. వారం తరువాత ఆయన తిరిగి వచ్చి, దెబ్బ మునుపటిలా లేదని, పక్క స్పిన్ ఇచ్చినప్పుడు తెల్ల బంతి అనుకున్న దారిలో పోవడం లేదని, కాబట్టి కొత్త షాఫ్ట్ (క్యూ ముందు సగం) నేనే కొనివ్వాలని అంటున్నారు. ఆ షాఫ్ట్ ఖరీదు నేను టిప్ మార్చినందుకు తీసుకునే మొత్తానికి దాదాపు ముప్పై రెట్లు. కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది ఆయనకు. నా పరిస్థితీ అంతకంటే మెరుగ్గా లేదు.

నా సందేహాలు రెండు. మరమ్మతు చేసేవారి బాధ్యత ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుంది? ముందే బలహీనంగా ఉన్న భాగం మన చేతిలో విరిగితే ఆ నష్టం ఎవరిది? రెండోది ధర గురించి. ఇప్పటివరకు నేను టిప్ కొన్న ధరకు కొంచెం కలిపి తీసుకుంటున్నాను. ఇలాంటి ప్రమాదాలను లెక్కలో పెట్టుకొని ధర నిర్ణయించేవారు ఆ లెక్క ఎలా వేస్తారు?

లేత్‌వెనుక (సమాధానం)

తోలుచెక్కు గారూ, జరిగింది జరిగినట్టు మీరు అదే రోజు యజమానికి చెప్పారు. ఈ పనిలో చాలామంది జారేది అక్కడే. పగులు మీద పలుచని జిగురు పోసి, నునుపు చేసి, ఏమీ జరగనట్టు తిరిగి ఇచ్చేవాళ్లను నేను చూశాను. కనుక మీ మాటలో నిజాయితీ ఉందన్నది పక్కన పెట్టి, పనిలో ఏమి తప్పిందో చూద్దాం.

క్యూను లేత్ మీద బిగించక ముందు ఏమేమి చూశారో మీరు ఎక్కడా రాయలేదు. బాధ్యత విషయంలో నాకున్న ఒకే కొలమానం అది. మన బ్లేడు తగలక ముందు మనం చూసి, యజమానికి చూపి, ఆయన సరేనన్న లోపం ఆయనది. చూడగలిగి ఉండీ చూడని లోపం మనది. ఎంత జాగ్రత్తగా చూసినా బయటపడని లోపాలు కొన్ని ఉంటాయి. వాటిని ఎవరు భరించాలన్నది ముందే మాట్లాడుకోవాలి, ఎందుకంటే విరిగిన తరువాత మాట్లాడితే ఇద్దరూ తమకు అనుకూలంగానే జ్ఞాపకం చేసుకుంటారు.

మీ ఫెర్రూల్ పలుచబడి ఉందని ముందే తెలుసుకునే వీలుందా అంటే, చాలావరకు ఉంది. పూల్ క్యూల ఫెర్రూళ్లు చాలావాటిలో కర్మాగారం నుంచి వచ్చినప్పుడు అంగుళం పొడవు, అంటే 25 మిల్లీమీటర్ల చుట్టుపక్కల ఉంటాయి. తక్కువ డిఫ్లెక్షన్ షాఫ్టుల (పక్క స్పిన్ ఇచ్చినా బంతి గురి తక్కువగా తప్పేలా చేసినవాటి) మీద ఇంకా పొట్టివి ఉంటాయి. అదే తయారీ కొత్త క్యూ ఒకటి దొరికితే దాని పక్కన పెట్టి కొలవండి. మిల్లీమీటరున్నర, రెండు మిల్లీమీటర్లు తగ్గి కనబడితే ఆ క్యూ మీద చాలామంది బ్లేడ్లు నడిచాయని అర్థం. మూత మొదట్లో ఉండేదే కొద్ది మిల్లీమీటర్లు కనుక, అలాంటి ఫెర్రూల్‌ను చదును చేసేటప్పుడు అది తెగవచ్చునని యజమానికి చెప్పి, తెగితే కొత్త ఫెర్రూల్‌కు ఎంత అవుతుందో కూడా అప్పుడే చెప్పాలి. ఆ మాట విన్న తరువాత కూడా ఆయన కానివ్వమంటే ఇప్పటి తగాదాకు చోటే ఉండేది కాదు.

పగులు పాతదా కొత్తదా అన్న వాదన వస్తే భూతద్దం పెట్టి చూడండి. పాత పగుళ్లలోకి చాక్ పొడి, చేతి మురికి చేరి నీలి గీతలా నల్లబడి ఉంటుంది. అప్పుడే పడిన పగులు అంచులు తెల్లగా, శుభ్రంగా ఉంటాయి. పగిలిన ఫెర్రూల్‌ను తీసేటప్పుడు ముక్కలు పారేయకుండా ఒక కవరులో వేసి యజమానికే ఇవ్వడం నా అలవాటు. మీ దగ్గర ఆ ముక్కలు ఇంకా ఉంటే మూత ఎంత మందం మిగిలిందో కాలిపర్‌తో కొలిచి ఆయనకు చూపించండి. అది వాదనలో గెలవడానికి కాదు, ఆయన క్యూ చరిత్ర ఆయనకు తెలియాలి కనుక.

ఇక దెబ్బ మారిందన్న ఫిర్యాదు. ఇది ఆయన ఊహ అని కొట్టిపారేయకండి. పాత ఫెర్రూల్ ఏ పదార్థమో మీరు రాయలేదు. సాధారణ ఏబీఎస్ ప్లాస్టిక్ అయితే దాని సాంద్రత ఘన సెంటీమీటరుకు దాదాపు 1.05 గ్రాములు, మెలమైన్‌ది దాదాపు 1.5. పదమూడు మిల్లీమీటర్ల వ్యాసం, అంగుళం పొడవు ఉన్న ఫెర్రూల్‌లో టెనన్ పోగా మిగిలే పదార్థం రెండు ఘన సెంటీమీటర్లకు కాస్త పైన ఉంటుంది. అంటే మీరు ఆ షాఫ్ట్ కొసకు సుమారు ఒక గ్రాము బరువు చేర్చి ఉండవచ్చు. షాఫ్ట్ మొత్తం బరువు వంద గ్రాముల పైమాటే కనుక ఒక గ్రాము లెక్కలోకి రాదనిపిస్తుంది. కానీ అది ఉన్న చోటు ముఖ్యం. తెల్ల బంతిని మధ్యకు కాకుండా పక్కకు కొట్టినప్పుడు షాఫ్ట్ కొస బంతి నుంచి పక్కకు తప్పుకుంటుంది. ఆ కొస ఎంత బరువుగా ఉంటే, బంతి గురి పెట్టిన గీత నుంచి రెండో వైపుకు అంత ఎక్కువగా తొలుగుతుంది. తక్కువ డిఫ్లెక్షన్ షాఫ్టులు తయారు చేసేవారు కొసను బోలుగా తొలిచి, ఫెర్రూల్‌ను పొట్టిగా, తేలికగా చేసేది ఈ ఒక్క కారణం కోసమే. రోజూ ఒకే క్యూతో ఆడే మనిషి పక్క స్పిన్ ఇచ్చే బంతుల్లో ఆ తేడాను పట్టుకోగలడు.

అయితే మీరు ఒకేసారి రెండు మార్పులు చేశారు, అందులో రెండోది ఆయన అడిగినదే. టిప్ గట్టిదనం మారినా చేతికి అందే స్పర్శ, చెవికి వినిపించే శబ్దం మారతాయి. కనుక నా సలహా ఏమిటంటే, పాత ఫెర్రూల్ పదార్థమే దొరికితే దానితో, దొరకకపోతే అంతే తేలికైన పదార్థంతో, పాత కొలతలకే ఫెర్రూల్ మళ్లీ చేసి, దాని మీద ఆయన ఇదివరకు వాడిన రకం టిప్ వేసి ఇవ్వండి. మజూరీ తీసుకోకండి. అది మీ బాధ్యతే, ఎందుకంటే పదార్థం మారుస్తున్నానని మీరు ఆయనకు చెప్పలేదు. ఫెర్రూల్‌ను వేడి చేసి లాగకండి, లేత్ మీద చెక్కి తీయండి, లేకపోతే టెనన్ కూడా పోయి నిజంగానే షాఫ్ట్ కొనివ్వవలసి వస్తుంది. అంతకు మించి కొత్త షాఫ్ట్ ఇవ్వవలసిన పని మీకు లేదు. మీ వల్ల పోయింది ఫెర్రూల్, దాన్ని ముందున్న స్థితికి తేవడంతో మీ బాధ్యత తీరుతుంది.

ధర విషయం కొద్ది మాటల్లో చెబుతాను. కంసాలి లెక్కే మనదీ: సరుకు, మజూరీ, తరుగు. టిప్ మార్చడానికి చేతి పని ఇరవై నిమిషాలే కావచ్చు. కానీ క్యూ తీసుకోవడం, పరీక్షించడం, జిగురు ఆరే వరకు కాపలా కాయడం, తిరిగి ఇచ్చేటప్పుడు మాట్లాడడం కలిపితే గంటకు దగ్గర పడుతుంది. ఆ గంట విలువ మీ మజూరీ. తరుగు అంటే చెక్కుతుండగా పొరలు విడిపోయి పారేయవలసిన టిప్పులు, మొద్దుబారే బ్లేడ్లు, ఉచితంగా మళ్లీ చేయవలసిన పనులు. ఇరవై పనుల్లో ఒకటి తిరిగి వస్తుందనుకుంటే దాని ఖర్చు మిగతా పంతొమ్మిదింటి ధరలో ముందే ఉండాలి. మీరు తీసుకునేదాంట్లో తరుగు లేదు సరే, మజూరీ కూడా లేదు. చవకగా చేసినంత మాత్రాన బాధ్యత సగానికి తగ్గదు. యజమాని మీకిచ్చింది మాత్రం పూర్తి క్యూనే కదా.

బ్రేక్‌షాట్ (సమాధానం)

పై సమాధానంలో చాలావరకు ఏకీభవిస్తాను, కానీ ఒక ఆటగాడిగా ఒక అభ్యంతరం ఉంది. ప్రమాదాన్ని ధరలో కలపడం అన్న మాట వినడానికి బాగుంది, ఆచరణలో అది ఖరీదైన క్యూ తెచ్చినవాడి దగ్గర ఎక్కువ గుంజడంగా మారుతోంది. ఒకే టిప్, ఒకే జిగురు, ఒకే లేత్, అదే ఇరవై నిమిషాలు. నా క్యూలో చెక్కపొదుగులు ఉన్నాయి కాబట్టి రెట్టింపు ఇవ్వాలనడం గుర్రం వెలను బట్టి నాడా కొట్టే కూలి అడిగినట్టుంది.

బాధ్యత విషయంలోనూ నా అనుభవం ఒకటి చెబుతాను. కొన్నేళ్ల క్రితం ఒక దుకాణంలో నా షాఫ్ట్‌ను శుభ్రం చేయమని ఇచ్చాను. నేను అడిగింది చాక్ మరక, జిడ్డు పోగొట్టమని మాత్రమే. తిరిగి వచ్చిన షాఫ్ట్ అద్దంలా మెరుస్తోంది, కానీ చేతిలో సన్నగా అనిపించింది. ఇంటికి వెళ్లి కొలిస్తే ఫెర్రూల్ దగ్గర 12.4 మిల్లీమీటర్లుంది. కొన్నప్పుడు అది 12.75 అని తయారీదారు చెప్పిన మాటే తప్ప, దుకాణంలో ఇచ్చే రోజున ఎంత ఉందో నేను కొలవలేదు. అడిగితే ముందు నుంచీ అంతే ఉందన్నారు. నా దగ్గర రుజువు లేదు. ముతక గరుకు కాగితం పట్టి లేత్ తిప్పితే మురికితో పాటు మేపుల్ కూడా పోతుంది, పోయిన కర్ర ఎవరూ తిరిగి అతికించలేరు. నేను చెల్లించింది చాలా చిన్న మొత్తం కనుక ఎవరికీ చెప్పుకోలేకపోయాను, కానీ క్యూకు ఆధారంగా బల్ల మీద పెట్టే నా బ్రిడ్జి చేతివేళ్లకు అలవాటైన ఆ మందం మళ్లీ రాలేదు.

నా ఉద్దేశంలో కర్ర గాని, ఫెర్రూల్ గాని తరిగిపోయే ప్రతి పనికీ యజమాని అనుమతి విడిగా తీసుకోవాలి. శుభ్రం చేయడం అనే మాటలో చెక్కడం దాగి ఉండకూడదు. అలాగే క్యూ ఇచ్చేటప్పుడు కొలత రాసి ఇద్దరూ చూసుకోవడం మరమ్మతు చేసేవారికి ఎంత రక్షణో యజమానికీ అంతే రక్షణ.

లేత్‌వెనుక (సమాధానం)

బ్రేక్‌షాట్ గారి గుర్రం పోలిక నాకు నచ్చింది, కాని అది ఒక చోట కుంటుతోంది. నాడా కొట్టేవాడు గుర్రాన్ని చక్‌లో బిగించి నిమిషానికి వందల చుట్లు తిప్పడు. పాలిష్ చేసిన ఖరీదైన బట్‌ను (క్యూ వెనుక సగాన్ని) లేత్ మీది మామూలు కాలెట్ బిగింపులో పెడితే క్లియర్ కోట్ మీద దవడల ముద్రలు పడతాయి. అందుకని దానికి సరిపోయే మెత్తని కాలర్ చేసుకోవాలి, మధ్యలో వణకకుండా ఆధారం పెట్టాలి, తిరిగే వేగం తగ్గించాలి. ఆ జాగ్రత్తకు పట్టే సమయానికి నేను మజూరీ తీసుకుంటాను. క్యూ వెలలో శాతం తీసుకోవడం మాత్రం నాకూ సమ్మతం కాదు. టిప్ మార్చడానికి చాలా క్యూలలో షాఫ్ట్ ఒక్కటే లేత్ ఎక్కుతుంది, బట్ ఎక్కదు. కాబట్టి మీ చెక్కపొదుగుల ప్రస్తావన ఆ ధరలో రాకూడదు. మరమ్మతు చేసేవారు రెట్టింపు అడిగితే ఎందుకో అడగండి, సమయం లెక్క చెప్పలేకపోతే ఇంకొకరి దగ్గరకు వెళ్లండి.

షాఫ్ట్ శుభ్రం చేయడం గురించి మీరన్నది అక్షరాలా నిజం. మురికి తీయడానికి తడి గుడ్డ, మెత్తని మెలమైన్ స్పాంజి సరిపోయే చోట గరుకు కాగితం పట్టేవారు ఎక్కువ. తడి తగిలితే కర్ర పోగులు పైకి లేస్తాయి కనుక ఆ తరువాత అతి సన్నని కాగితంతో ఒక్కసారి నునుపు చేయక తప్పదు, అంతవరకే. నేను ఫెర్రూల్ కింద, షాఫ్ట్ మధ్యలో, జాయింట్ దగ్గర మూడు చోట్ల కొలిచి చీటీ మీద రాస్తాను. ఆ మూడు అంకెలు రాయడానికి నిమిషం పట్టదు. వాటి వల్ల తప్పిన గొడవలు ఎన్నో చెప్పలేను.

కార్బన్‌కొస (సమాధానం)

పై చర్చంతా మేపుల్ షాఫ్టుల గురించి సాగింది. నా దగ్గరకు ఇప్పుడు వచ్చేవాటిలో కార్బన్ ఫైబర్ షాఫ్టులు ఎక్కువ, వాటి లెక్క వేరు. కర్రలో చిన్న పొరపాటును కొంతవరకు సర్దుకోవచ్చు. కార్బన్ గొట్టం అంచు చిట్లితే సర్దుకోవడానికి ఏమీ ఉండదు, పోగులు విడిపోతాయి. చాలా కార్బన్ షాఫ్టుల కొసన మామూలు ఫెర్రూల్ స్థానంలో చిన్న ప్లాస్టిక్ ముక్క లేదా పలుచని ప్యాడ్ ఉంటుంది. పాత టిప్ కోసేటప్పుడు బ్లేడు అక్కడే ఆగాలి. టిప్ పక్కలు చెక్కేటప్పుడు గొట్టం పైభాగం మీద గీత పడకుండా టేపు చుట్టాలి. కోతలో వచ్చే నల్లని దుమ్ము చర్మానికి దురద, ఊపిరితిత్తులకు హాని కనుక ముసుగు, దుమ్ము లాగే గొట్టం లేకుండా నేను దాన్ని ముట్టుకోను. జిగురు కరిగించడానికి ఎక్కువ వేడి పెడితే గొట్టంలోని రెసిన్ మెత్తబడే ప్రమాదం ఉంది. అందుకే దీనికి మజూరీ కర్రకంటే ఎక్కువ తీసుకుంటాను, గొట్టం అంచులో ముందే చిట్లు ఉంటే పని ఒప్పుకోను.

ఒప్పుకోకపోవడం అనే మాట ఇక్కడ ఇంకా ఎవరూ అనలేదు కాబట్టి అంటున్నాను. వంగిన షాఫ్ట్‌ను తిన్నగా చేయమని నెలకు ఒకరైనా వస్తారు. ఆవిరి పట్టి, బరువు కట్టి ఒకరోజు తిన్నగా చూపించవచ్చు గాని, కర్ర లోపలి పోగుల లాగుడు, తేమ మార్పు దాన్ని మళ్లీ వంచుతాయి. డబ్బు తీసుకుంటే రెండు నెలల తరువాత మాట పడేది నేనే. అడుసు తొక్కనేల, కాలు కడగనేల?

పాత క్యూలకు ఉండే ఏనుగు దంతపు ఫెర్రూళ్ల సంగతి మరీ సున్నితం. ఆఫ్రికా ఏనుగును 1989లో సైటీస్ (అంతరించే ప్రమాదమున్న జీవుల వాణిజ్యాన్ని నియంత్రించే అంతర్జాతీయ) ఒప్పందం మొదటి అనుబంధంలో చేర్చిన తరువాత దంతపు వాణిజ్యం దేశాల మధ్య నిషిద్ధమైంది. కనుక పగిలితే అదే పదార్థం తెచ్చి వేస్తానని మాట ఇవ్వడం కుదరదు, క్యూను సరిహద్దు దాటించి పంపడమూ చిక్కే. దంతం లేత్ మీద రాపిడి వేడికి కూడా పగుళ్లు తీస్తుంది. తిరిగి పూరించలేని వస్తువుకు బాధ్యత తీసుకుంటున్నానని చెప్పడం నా దృష్టిలో అబద్ధం చెప్పడమే. పగిలితే కృత్రిమ పదార్థమే వేయగలనని రాసిచ్చి, యజమాని సంతకం పెడితేనే తీసుకుంటాను.

తోలుచెక్కు

అందరికీ ధన్యవాదాలు. పగిలిన ముక్కలు చెత్తబుట్టలో దొరికాయి. మూత మిగిలిన మందం అంచు దగ్గర 0.4 మిల్లీమీటర్లు, మధ్యలో అంతకంటే తక్కువ. పగులు అంచును భూతద్దంలో చూస్తే సగం దూరం వరకు నీలి చాక్ కనబడుతోంది, మిగతా సగం తెల్లగా ఉంది. అంటే పగులు పాతదే, నా బ్లేడు దాన్ని పొడిగించింది. పాత ఫెర్రూల్ ముక్కను నీటిలో వేస్తే మునిగింది గాని చాలా నెమ్మదిగా దిగింది, మెలమైన్ ముక్క రాయిలా దిగిపోయింది. కనుక బరువు విషయంలో లేత్‌వెనుక గారు ఊహించినదే నిజమనిపిస్తోంది. ఆ మాటకొస్తే ఈ చిన్న పరీక్ష నేను ముందే చేసి ఉండవలసింది.

ఒక్క సందేహం మిగిలింది. టిప్ వేసిన తరువాత ఎంతకాలం వరకు హామీ ఇవ్వాలి? ఊడిపోతే ఉచితంగా వేస్తాను సరే, టిప్ అంచులు పుట్టగొడుగులా విచ్చుకుంటే, పొరలు విడిపోతే కూడా నాదేనా? ఇంకొక సంగతి, పరీక్ష చేసిన సమయానికి విడిగా డబ్బు అడగడం బాగుంటుందా? అడిగితే వచ్చేవాళ్లు కూడా రారేమోనని సంకోచం.

లేత్‌వెనుక (సమాధానం)

టిప్ ఊడితే జిగురు పట్టు తప్పింది, అది పూర్తిగా మీ పని. నెల రోజులు కాదు, ఆ టిప్ అరిగే వరకు ఊడకూడదు. అంచులు విచ్చుకోవడం మెత్తని తోలు సహజ గుణం, గట్టిగా బ్రేక్ (ఆట మొదలుపెట్టే దెబ్బ) కొట్టేవారి చేతిలో అది ఇంకా తొందరగా జరుగుతుంది. మొదటిసారి విచ్చుకున్నప్పుడు నేను ఉచితంగా చెక్కి ఇస్తాను, ఎందుకంటే అది రెండు నిమిషాల పని, మనిషి మళ్లీ వస్తాడు. పొరలు విడిపోవడం ఇద్దరి మధ్య నడిచే తగవు. టిప్ తయారీలో లోపం కావచ్చు, నేను చెక్కేటప్పుడు మొద్దు బ్లేడు లాగి పొరను కదిలించి ఉండవచ్చు, యజమాని సూదుల పనిముట్టుతో దాన్ని గుచ్చి ఉండవచ్చు. మొదటి రెండు వారాల్లో విడిపోతే మజూరీ వదులుకొని, కొత్త టిప్ ఖరీదు మాత్రమే తీసుకుంటాను. ఆ తరువాత మామూలు ధరే.

పరీక్షకు విడిగా అడగకండి, మజూరీలోనే కలపండి. పరీక్షించిన తరువాత మీరు పని ఒప్పుకోకపోతే మాత్రం ఏమీ తీసుకోకండి. వద్దని చెప్పడానికి డబ్బు తీసుకుంటే ఆ మనిషికి మీ మీద అనుమానం మొదలవుతుంది. ధర పెంచితే కొందరు తగ్గుతారు, నిజమే. తగ్గేవారిలో ఎక్కువమంది అతి చవకగా చేయించుకొని అతి పెద్ద హామీ కోరేవారే అని నా అనుభవం, మీ అనుభవం వేరుగా ఉండవచ్చు.

ఫెర్రూల్ ధర చెప్పేటప్పుడు టెనన్ గట్టిగా ఉంటే ఇంత, విరిగి ఉంటే ఇంత అని రెండు అంకెలు చెప్పండి. టెనన్ పోతే షాఫ్ట్ కొసను తొలిచి కొత్త కర్ర పొదగాలి, అది రెండు మూడు రెట్లు సమయం తినే పని, తెరిచి చూస్తే తప్ప తెలియదు.

బ్రేక్‌షాట్ (సమాధానం)

చీటీ మీద పదార్థం పేరు కూడా రాయమని నా విన్నపం. తోలుచెక్కు గారి క్యూ యజమానికి కొత్త ఫెర్రూల్ మెలమైన్ అని ముందే తెలిసి ఉంటే, తెల్ల బంతి దారి తప్పినప్పుడు ఆయన షాఫ్ట్‌ను అనుమానించి ఉండేవారు కాదు.

తోలుచెక్కు

పది రోజుల తరువాత రాస్తున్నాను. తేలికైన ప్లాస్టిక్ కడ్డీ తెప్పించి, మెలమైన్ ఫెర్రూల్‌ను చెక్కి తీసి, టెనన్ గట్టిగానే ఉన్నందుకు ఊపిరి పీల్చుకొని, పాత కొలతకే కొత్తది చేశాను. పని మొదలు పెట్టే ముందు, ముగిసిన తరువాత షాఫ్ట్‌ను తూచితే తేడా 1.1 గ్రాములు వచ్చింది. ఆయన ఇదివరకటి రకం టిప్పే వేశాను. యజమానిని పక్కన కూర్చోబెట్టుకొని పాత మూత ముక్కను, దానిలోని నీలి గీతను భూతద్దంలో చూపించాను. ఆయన చాలాసేపు చూసి, మూడేళ్లలో అయిదుసార్లు టిప్ మార్పించానని, ప్రతిసారీ ఎవరు చవకగా చేస్తారో వాళ్ల దగ్గరకే వెళ్లానని తనంతట తానే అన్నారు.

వారం ఆడి చూసి, పక్క స్పిన్ మునుపటిలాగే ఉందని ఫోన్ చేశారు. షాఫ్ట్ ప్రస్తావన మళ్లీ రాలేదు. మధ్యరకం గట్టి టిప్ కావాలన్న కోరిక ఆయనకు ఇంకా ఉంది. వచ్చే నెల తెస్తానన్నారు. ఈసారి ధర రెట్టింపని, ముందు కొలతలు రాసి ఇద్దరం సంతకం పెట్టాకే బ్లేడు పడుతుందని చెప్పాను. సరేనన్నారు.